మన నెత్తురు ఏటి సెప్పింది?

(శ్రీకాకుళంలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన సభలో, ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన ఒక మాస్టారు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్న పిల్లలకి వినబడుతోందా? వినబడకపోతే చెయ్యెత్తండి. ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, రండమ్మా, ముందుకి రండి. కవిటి నుంచి, సోంపేట నుంచి బస్సెక్కి వచ్చినవాళ్ళు ఉన్నారు. వాళ్ళు ముందు కూర్చోవాలి. ఇవాళ నేను మాట్లాడబోయేది వాళ్ళ గురించే.

కరపత్రంలో "పరిశోధన విధానాలు, ఇతర దేశాల అనుభవాలు" అని వేశారు. ఆ పేరు చూసి ఇది మనకెందుకులే అనుకున్నవాళ్ళు ఉంటారు. అందుకే ముందు మా అమ్మ గురించి చెప్తాను. అక్కణ్ణుంచి విధానాల దగ్గరికి వస్తాను.

మాది కవిటి మండలంలో ఒక పల్లె. చుట్టూ కొబ్బరి తోటలు, జీడి తోటలు. ఉద్దానం అంటే మీకందరికీ తెలుసు. 2011 ప్రాంతంలో కిడ్నీ జబ్బుల మీద ఒక పరిశోధన బృందం మా వీధికి వచ్చింది. మా ఇంటి అరుగు మీదే బల్ల వేసుకున్నారు. అమ్మ కూడా వెళ్ళి చెయ్యి చాపింది. రక్తం తీసి, ఆ గొట్టం మీద నంబరున్న స్టిక్కర్ అంటించారు. అదే నంబరు ఉన్న ఇంకో స్టిక్కర్ ఒక చిన్న చీటీ మీద అంటించి అమ్మ చేతిలో పెట్టారు. "జాగ్రత్తగా దాచుకో అమ్మా, ఫలితం వచ్చాక ఈ నంబరుతోనే చెప్తాం" అన్నారు. అమ్మ దాన్ని రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ట్రంకు పెట్టెలో చీరల అడుగున దాచింది.

ఇదిగో, ఆ చీటీ ఇదే. అంత దూరం నుంచి కనబడదు గానీ, పసుపు కాగితం, మధ్యలో మడత. ఆరంకెల నంబరు. చివరి రెండంకెలు చెమటకి అలుక్కుపోయాయి.

ఆ తర్వాత నేను ఇంటికి వెళ్ళిన ప్రతిసారీ అమ్మ ఒకటే అడిగేది. "ఒరే, మన నెత్తురు ఏటి సెప్పిందటరా?" కాలేజీలో పాఠం చెప్పేవాణ్ణి కదా, నాకు తెలుస్తుందని ఆమె నమ్మకం. నేను వాళ్ళకి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. మళ్ళీ రాశాను. మళ్ళీ రాలేదు. ఏడాది గడిచింది, రెండేళ్ళు గడిచాయి. అమ్మకి రక్తంలో క్రియాటినిన్ పెరిగింది, అంటే కిడ్నీల పని తగ్గింది. డయాలసిస్ మొదలైంది. 2016లో అమ్మ పోయింది. ఏటి సెప్పిందట అని పోయే ముందు వారం కూడా అడిగింది.

అమ్మ పోయాక ఒకరోజు ఇంటర్నెట్‌లో వెతుకుతుంటే ఒక వ్యాసం కనబడింది. ఉద్దానం పల్లెల్లో తీసిన రక్తనమూనాల మీద రాసింది. మొదటి పేరా మాత్రం చదవనిచ్చింది. మిగతాది కావాలంటే డాలర్లలో కట్టమంది, మన డబ్బులో మూడు వేలకి దగ్గర. అది అమ్మ ఇచ్చిన నెత్తురు మీద రాసిందో, ఇంకెవరిదో నాకు తెలీదు. కానీ ఒక్కసారి ఆలోచించండి. నెత్తురు ఇచ్చింది మా పల్లె, ఆ పరిశోధనకి డబ్బు ఇచ్చింది ప్రజల ఖజానా. చివరికి చదవడానికి మళ్ళీ మేమే డబ్బు కట్టాలి. ఇది ఎక్కడి న్యాయం?

ఒక మాట మాత్రం చెప్పాలి. వచ్చిన ఆ పిల్లల మీద నాకు కోపం లేదు. ఎండలో ఇంటింటికీ తిరిగారు. మా ఇంట్లో మజ్జిగ తాగి, అమ్మకి దణ్ణం పెట్టి వెళ్ళారు. తిరిగొచ్చి ఫలితం చెప్పాలని వాళ్ళ ప్రాజెక్టు కాగితంలో రాసి ఉంటే వచ్చేవారనే నేను నమ్ముతాను. అలా రాయించడాన్నే విధానం అంటారు. విధానం అంటే ఇంకేమీ లేదు. డబ్బు ఇచ్చేటప్పుడు ఏం షరతు పెట్టాలో ముందే రాసుకోవడం. మిగతా దేశాల వాళ్ళు ఆ కాగితంలో ఏం రాసుకున్నారో చూద్దాం. కొన్ని మనం నేర్చుకోవాలి. కొన్ని నేర్చుకోకూడదు, అవీ చెప్తాను.

ఉద్దానం సంగతి కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో షుగరు లేనివాళ్ళకి, బీపీ లేనివాళ్ళకి కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. దశాబ్దాలుగా పాడవుతున్నాయి. నీళ్ళలో సిలికా అన్నారు, పురుగుమందులు అన్నారు, ఎండలో ఒంట్లో నీరు ఇంకిపోవడం అన్నారు, నొప్పి మాత్రలు అన్నారు. ఇదీ కారణం అని ఇంతవరకూ తేలలేదు. హిరమండలం నుంచి మంచినీటి పథకం వచ్చింది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. మంచిదే. కానీ ఇన్నేళ్ళలో ఎన్ని బృందాలు వచ్చాయి, ఎన్ని గొట్టాల నెత్తురు పట్టుకెళ్ళాయి? ఒక బృందం తీసిన లెక్క ఇంకో బృందానికి చేరిందా? అన్నీ ఒకచోట పెట్టి చూడగలిగేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఎంతమంది రక్తం ఇచ్చారో చేతులెత్తండి. ఊఁ. అందులో ఫలితం కాగితం చేతికందినవాళ్ళు ఎందరు?

చూశారా.

మనలాంటి ఊరు ఇంకొకటి ఉంది. మధ్య అమెరికాలో నికరాగ్వా అనే చిన్న దేశం, అందులో చిచిగల్పా అనే ఊరు. అక్కడ చెరకు తోటల్లో పనిచేసే మగవాళ్ళు చిన్న వయసులోనే కిడ్నీలు పాడై చనిపోయేవారు. వాళ్ళకీ షుగరు లేదు, బీపీ లేదు. పక్కనున్న ఎల్ సాల్వడార్‌లోనూ అంతే. మనకి దగ్గర్లో శ్రీలంకలో, అనురాధపురం వైపు వరి రైతుల్లోనూ అంతే.

చిచిగల్పాలో జబ్బుపడిన కూలీలు, చనిపోయినవాళ్ళ భార్యలు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. "బతుకు కోసం చిచిగల్పా" అని దాని పేరుకి అర్థం. ఆ ఊరి చక్కెర కంపెనీకి అప్పిచ్చింది ప్రపంచ బ్యాంకు కుటుంబంలోని సంస్థ. ఆ సంస్థ మీద ఫిర్యాదులు వినడానికి ఒక విభాగం ఉంటుంది. 2008లో ఈ కూలీలు అక్కడికి ఫిర్యాదు పంపారు. ఆ విభాగం వాళ్ళు వచ్చి కూలీలనీ, కంపెనీనీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టారు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి, నాకు ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. పరిశోధన ఎవరు చెయ్యాలన్నది కంపెనీ ఒక్కటే తేల్చలేదు, సర్కారు తేల్చలేదు. కూలీలూ, కంపెనీ ఇద్దరూ ఒప్పుకుని ఎంచుకున్నారు. బోస్టన్ యూనివర్సిటీ వాళ్ళని ఎంచుకున్నారు. ఏ ప్రశ్నలు వెతకాలో వాళ్ళతో కూర్చుని మాట్లాడారు. రిపోర్టులు వచ్చాక ఆ ఊళ్ళో సమావేశం పెట్టి వాళ్ళకి చెప్పారు. ఆ రిపోర్టులు ఇవాళ్టికీ ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. నేను చదివాను, ఒక్క పైసా కట్టకుండా.

ఏం తేలింది? కోత కాలం మొదట్లో, చివర్లో కూలీలని పరీక్షిస్తే, పొలంలో ఎండకి పనిచేసేవాళ్ళలో ఆ కొద్ది నెలల్లోనే కిడ్నీ పనితీరు తగ్గింది. దాంతో ఎండ మీద, ఒళ్ళు విరిగే పని మీద దృష్టి పడింది. పూర్తి కారణం వాళ్ళూ తేల్చలేదు. కానీ ఆ ప్రాంతంలో "నీళ్ళు, విశ్రాంతి, నీడ" అని చెరకు తోటల్లో ఒక పద్ధతి మొదలైంది. పని మధ్యలో నీడన కూర్చోబెట్టడం, నీళ్ళు తాగించడం, గంటలు చూసుకోవడం. మన ఉద్దానానికి కూడా ఎండే కారణం అని నేను అనడం లేదు. ఎవరూ ఇక్కణ్ణుంచి అలా అనుకుని వెళ్ళకండి, దయచేసి. అక్కడివాళ్ళకి వచ్చిన జవాబు మనకి పనికిరాకపోవచ్చు. వాళ్ళు అడిగిన పద్ధతి మాత్రం మనకి కావాలి.

సరే, అడగడం గురించే ఇంకో దేశం. నెదర్లాండ్స్. మనవాళ్ళు హాలెండ్ అంటారు. 2015లో ఆ దేశం వాళ్ళు ఒక పని చేశారు. మన దేశంలో శాస్త్రవేత్తలు ఏ ప్రశ్నలకి జవాబు వెతకాలో మీరే చెప్పండి అని జనాన్నే అడిగారు. ఎవరైనా పంపొచ్చు. ఎన్ని ప్రశ్నలు వచ్చాయనుకుంటున్నారు? దగ్గర దగ్గర 11,700. బడిపిల్లలూ పంపారు, ప్రొఫెసర్లూ పంపారు. వాటిని జల్లెడ పట్టి, ఒకే రకమైనవి కలిపి, 140 పెద్ద ప్రశ్నలు చేశారు. అదే వాళ్ళ జాతీయ పరిశోధన ప్రణాళిక అయింది. తర్వాత దానికి ప్రభుత్వం డబ్బు కూడా కేటాయించింది. డబ్బు లేకపోతే అది ఉత్త సలహాల పెట్టెగా మిగిలిపోయేది.

మనల్ని అలా అడిగితే మనం ఏం అడుగుతాం? పలాసలో జీడిపిక్కలు కొట్టే అమ్మల చేతులు ఎప్పుడైనా చూశారా? వేళ్ళ సందుల్లో చర్మం నల్లబడి, పొర పొరగా లేచిపోయి ఉంటుంది. పిక్క పెంకులో ఉండే నూనె అది, యాసిడ్‌లా కాలుస్తుంది. బూడిద రాసుకుని, నూనె రాసుకుని పనిచేస్తారు. అన్నం కలుపుకుంటే మండుతుంది. నేను కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి, ఆ నూనెలో ఏముందో బోర్డు మీద రాసి చూపిస్తాను. ఆ నూనెతో పెయింట్లు, బ్రేకులకి వాడే సరుకు ఎలా చెయ్యాలన్న దాని మీద చాలా పరిశోధన ఉంది. మరి రోజుకి కొన్ని వేల పిక్కలు కొట్టే చేతికి అది అంటకుండా, పని నెమ్మదించకుండా, చవకలో ఏం తొడగాలి? ఆ ప్రశ్న అడిగేది ఎవరు? ఆ అమ్మని ఎవరైనా అడిగితే ఆమె మొదట అడిగేది అదే.

డయాలసిస్ సంగతి కూడా చూడండి. కిడ్నీ జబ్బు మీద మందులు పరీక్షించేటప్పుడు ఏం కొలవాలి అని 2014 నుంచి కొందరు డాక్టర్లు చాలా దేశాల్లో రోగులని అడగడం మొదలుపెట్టారు. ఆస్ట్రేలియా నుంచి నడిపారు దాన్ని. డాక్టర్లు ప్రాణాపాయం, గుండె సంగతి ముందు పెట్టారు. రోగులు ఏం ముందు పెట్టారో తెలుసా? నీరసం. డయాలసిస్ అయ్యాక వచ్చే నీరసం. దాంతో నీరసాన్ని కూడా తప్పనిసరిగా కొలవాల్సిన వాటిలో చేర్చారు. మా అమ్మని డయాలసిస్ నుంచి తీసుకొచ్చేటప్పుడు బస్టాండులో సిమెంటు బల్ల మీద పడుకోబెట్టేవాణ్ణి. బస్సు వచ్చినా లేవలేకపోయేది. "ఇంకో బస్సుకి ఎల్దాం రా" అనేది. అలా రెండు మూడు బస్సులు వదిలేసేవాళ్ళం. ఆ నీరసాన్ని ఒక లెక్కగా రాసుకున్నవాళ్ళు ప్రపంచంలో ఎక్కడో ఉన్నారని తెలిసిన రోజు నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. బ్రిటన్‌లో 2004 నుంచే ఇలాంటి పని ఒక పద్ధతిగా జరుగుతోంది. రోగులూ, ఇంట్లో చూసుకునేవాళ్ళూ, డాక్టర్లూ కలిసి కూర్చుని, ఈ జబ్బులో ముందు తేలాల్సిన పది ప్రశ్నలు ఇవీ అని రాస్తారు.

ఇప్పుడు చదవడం సంగతి. మూడు వేలు కట్టమన్న వ్యాసం గురించి చెప్పాను కదా, అది.

మన ఊళ్ళోనే విశాఖ ఏ కాలనీలో కథానిలయం ఉంది. ఇక్కడున్న పిల్లల్లో ఎంతమంది చూశారో గానీ, చూడనివాళ్ళు రేపే వెళ్ళండి. 1997 ఫిబ్రవరిలో కాళీపట్నం రామారావు మాస్టారు, మన కారా మాస్టారు, తనకి వచ్చిన అవార్డుల డబ్బు పెట్టి మొదలుపెట్టారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట ఉండాలి, కావలసినవాడు వచ్చి చదువుకోవాలి. అంతే ఆయన కోరిక. ఇవాళ ఆ కథలు స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు, డబ్బు అడగరు. అమెరికాలో ఉన్నవాడూ చదువుతాడు, ఆమదాలవలసలో ఉన్నవాడూ చదువుతాడు.

సరిగ్గా అదే 1997లో బ్రెజిల్‌లో సావో పాలో రాష్ట్రం వాళ్ళు ఒక పని మొదలుపెట్టారు. దాని పేరు సైయెలో. పది శాస్త్ర పత్రికలతో మొదలైంది. మా పత్రికలని పెద్ద దేశాలవాళ్ళు పట్టించుకోవడం లేదు, మా వ్యాసాలు మా పిల్లలకే దొరకడం లేదు, కాబట్టి మేమే ఒకచోట పెట్టుకుంటాం, ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు అన్నారు. రాసేవాడి దగ్గరా చాలావరకు డబ్బు తీసుకోరు. పత్రికలు నడిపేది యూనివర్సిటీలు, శాస్త్ర సంఘాలు. ఖర్చులో పెద్ద భాగం ప్రజల డబ్బే. పోర్చుగీసులో, స్పానిష్‌లో కూడా వ్యాసాలుంటాయి. తర్వాత అది లాటిన్ అమెరికా అంతా పాకింది, దక్షిణాఫ్రికా దాకా వెళ్ళింది. శ్రీకాకుళంలో ఒక రిటైర్డ్ మాస్టారికీ, సావో పాలోలో కొందరు లైబ్రరీవాళ్ళకీ ఒకే ఏడాది ఒకే ఆలోచన వచ్చింది. ఇద్దరూ ఒకరి పేరు ఒకరు విని ఉండరు. నాకు ఇది తలుచుకున్నప్పుడల్లా సంతోషంగా ఉంటుంది.

యూరప్ వాళ్ళు కూడా తలుపులు తెరవాలన్నారు. 2018లో గట్టిగా అన్నారు: ప్రజల డబ్బుతో చేసిన పరిశోధన వెంటనే అందరికీ అందాలని. ఆశయం మంచిది. కానీ జరిగిందేమిటంటే, పెద్ద పెద్ద ప్రచురణ సంస్థలు చదివేవాడి దగ్గర తీసుకునే డబ్బుని రాసేవాడి మీదకి మళ్ళించాయి. నేచర్ అనే పేరున్న పత్రిక ఒక్క వ్యాసానికి 9,500 యూరోలు అని 2020లో ప్రకటించింది. మన లెక్కలో ఎనిమిది లక్షలకి పైమాటే. ఎచ్చెర్ల యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసే పిల్ల ఎక్కణ్ణుంచి తెస్తుంది? చదవడానికి తలుపు తెరిచి రాయడానికి తలుపు మూస్తే అది తెరవడం ఎలా అవుతుంది? అందుకే అంటున్నాను, ఈ విషయంలో మనం యూరప్ వైపు కాకుండా బ్రెజిల్ వైపు చూడాలి. డబ్బున్నవాడి దారి డబ్బున్నవాడికే నప్పుతుంది.

మరి మన దేశం ఏం చేసింది? 2024 నవంబరులో కేంద్రం "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్" ఆమోదించింది, అంటే శాస్త్ర పత్రికలకి ప్రభుత్వమే అందరి తరఫునా చందా కట్టడం. మూడేళ్ళకి 6,000 కోట్లు. 30 ప్రచురణ సంస్థలు, 13,000 దాకా పత్రికలు. 6,300 పైగా ప్రభుత్వ విద్యాసంస్థలు, పరిశోధన సంస్థల్లో చదువుకునే 1.8 కోట్ల మందికి ఉపయోగం. ఇది చిన్న సంగతి కాదు. నేను పాఠం చెప్పిన రోజుల్లో ఒక వ్యాసం కోసం విశాఖపట్నం వెళ్ళి ఆంధ్రా యూనివర్సిటీ లైబ్రరీలో రోజంతా కూర్చునేవాణ్ణి. ఇవాళ ప్రభుత్వ కాలేజీ కుర్రాడికి ఆ బాధ లేదు. దీన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. అయితే మా పల్లెలో ఆశా కార్యకర్తకి అవి చదివే వీల్లేదు. ప్రైవేటు క్లినిక్ పెట్టుకున్న డాక్టరు చదవలేడు. నాలాంటి రిటైరైనవాడు చదవలేడు. నెత్తురు ఇచ్చినవాళ్ళు చదవలేరు. 6,000 కోట్లు పెట్టి తాళంచెవి కొన్నాం, అదీ మూడేళ్ళ గడువుతో. అమెరికాలో వైద్య పరిశోధనకి డబ్బిచ్చే జాతీయ సంస్థ వేరే దారి పట్టింది. మా డబ్బుతో చేశావా, అయితే నీ వ్యాసం ప్రతి మా ప్రజా భాండాగారంలో పెట్టు అని 2008 నుంచే రూలు. మొదట ఏడాది గడువు ఇచ్చేవారు. 2025 జూలై నుంచి ఆ గడువూ తీసేశారు, అచ్చయిన రోజే అందరికీ కనబడాలి. మన దగ్గర బయోటెక్నాలజీ, సైన్స్ శాఖలు కూడా 2014లో ఇలాంటి విధానమే రాశాయి. కాగితం మీద ఉంది. దాన్ని పట్టించుకుని అడిగేవాళ్ళు కావాలి, అంతే.

మన దేశం పరిశోధన మీద పెట్టే ఖర్చు జీడీపీలో 0.64 శాతం. 2020-21 లెక్క అది. దక్షిణ కొరియా ఐదు శాతం దగ్గర్లో పెడుతుంది. ఉన్న ఈ కాస్త డబ్బుతో ఒకరు తీసిన లెక్కే ఇంకొకరు మళ్ళీ తీయడం, ఒకే పల్లెలో ఒకే మనిషి చేతికి నాలుగుసార్లు సూది గుచ్చడం మనం భరించగలమా? మనిషి జన్యువుల గుట్టు విప్పే పని జరుగుతున్నప్పుడు, 1996లో బెర్ముడా అనే దీవిలో శాస్త్రవేత్తలు కూర్చుని ఒక ఒప్పందం చేసుకున్నారు. దొరికిన సమాచారం ఇరవైనాలుగు గంటల్లో అందరికీ పెట్టెయ్యాలి అని. నాది నాది అని దాచుకోకూడదు అని. అంత పెద్ద పనికే కుదిరినప్పుడు ఉద్దానానికి ఎందుకు కుదరదు?

ఇక్కడ ఒక అమ్మాయి చీటీ పంపింది. "సార్, అన్నీ తెరిస్తే మా పేర్లు బయటపడవా?" అని. చాలా మంచి ప్రశ్న తల్లీ. నేను తొందరగా దాటేసేవాణ్ణేమో, మంచి పని చేశావు. మా వీధిలో ఒక పిల్లకి సంబంధం కుదిరి, తాంబూలాల ముందు తప్పిపోయింది. వాళ్ళ నాన్నకి కిడ్నీ జబ్బని అవతలివాళ్ళకి తెలిసింది. ఆ పిల్ల తప్పేముంది? కాబట్టి పేర్లు తీసెయ్యాలి. పేర్లు తీస్తే చాలదు. "ఫలానా పల్లె, నలభై రెండేళ్ళ మగమనిషి, ఇద్దరు కూతుళ్ళు" అంటే మూడొందల గడప ఉన్న ఊళ్ళో ఎవరో తెలిసిపోతుంది. అందుకని ఊరి పేరు కూడా కప్పాల్సిన చోట కప్పాలి. యూరప్ వాళ్ళు దీనికి ఒక మాట వాడతారు: వీలైనంత తెరవాలి, అవసరమైనంత మూయాలి. వాళ్ళ దగ్గర ఇది మనం తప్పకుండా తీసుకోవాలి. ఏది మూయాలో చెప్పే హక్కు మాత్రం నెత్తురు ఇచ్చినవాళ్ళకే ఉండాలి.

ఇంక భాష. మన పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారి గురించి ఈ జిల్లాలో చెప్పాలా? పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, సవర గిరిజనుణ్ణి ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పించారు, వాళ్ళ భాషకి వ్యాకరణం రాశారు, నిఘంటువు రాశారు. వాళ్ళ దగ్గర నేర్చుకున్నది వాళ్ళకి తిరిగి ఇచ్చారు. ఇవాళ సీతంపేట వైపు సవర పల్లెలకి వెళ్ళి ఏ ఆకు దేనికి వాడతారని అడిగి రాసుకుపోయేవాళ్ళు ఉన్నారు. ఏం రాశారో వాళ్ళకి తిరిగి ఎవరు చెప్తున్నారు? దక్షిణాఫ్రికాలో సాన్ అనే ఆదివాసులు 2017లో తమ మీద పరిశోధన చేసేవాళ్ళకి తామే నియమావళి రాసి ఇచ్చారు. గౌరవంగా ఉండాలి, నిజం చెప్పాలి, లాభంలో న్యాయమైన వాటా ఇవ్వాలి, మమ్మల్ని జాగ్రత్తగా చూసుకోవాలి. అందులో ఇంకో మాట ఉంది. మాతో మాట్లాడేటప్పుడు మాకు అర్థమయ్యే భాషలో మాట్లాడాలి, పండితుల భాషలో కాదు అని. పంతులుగారు ఉంటే వాళ్ళని ఇంటికి పిలిచి భోజనం పెట్టేవారు.

యూరప్‌లో మందుల ప్రయోగాలకి కొత్త చట్టం 2022 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రయోగం అయిపోయాక ఫలితాన్ని మామూలు మనిషికి అర్థమయ్యేలా రాసి అందరికీ కనబడేలా పెట్టాలని అందులో ఉంది. మన ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి, 2017 మార్గదర్శకాల్లోనూ పాల్గొన్నవాళ్ళకి ఫలితాలు చెప్పే ప్రయత్నం చెయ్యాలనే ఉంది. ఆ మాట ఉంది. ప్రయత్నం అన్న చోట తప్పనిసరి అన్న మాట కావాలి.

ఇదంతా విదేశీ సరుకు అనుకోకండి. మన రాగోలు వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన వరి వంగడం ఆర్‌జీఎల్ 2537, మనం శ్రీకాకుళం సన్నాలు అంటాం, ఇక్కడి రైతులకి చెప్పక్కర్లేదు. వరి వంగడం విడుదల చేసే ముందు మినీకిట్లు, అంటే చిన్న చిన్న విత్తనాల సంచులు, కట్టి రైతులకి ఇస్తారు. రైతు తన మడిలో వేసి, పడిపోతోందా, దోమ పడుతోందా, బియ్యం ఎలా ఉంది, గడ్డి పశువు తింటోందా అని చెప్తాడు. శాస్త్రవేత్త ఆ మడి గట్టు మీదకి వచ్చి వింటాడు. వరి దగ్గర రైతు మాటకి ఉన్న విలువ కిడ్నీ దగ్గర రోగి మాటకి ఎందుకు లేదు? నాకు ఆ ప్రశ్నకి జవాబు దొరకలేదు.

కాబట్టి మనం అడగాల్సింది పెద్ద పెద్దవి కావు. ఈ జిల్లాకి వచ్చి రక్తం తీసే ఏ బృందమైనా ముందు గ్రామసభలో కూర్చుని ఎందుకు తీస్తున్నారో తెలుగులో చెప్పాలి. పని అయ్యాక మళ్ళీ అదే ఊరికి వచ్చి ఏం తేలిందో చెప్పాలి, ఏమీ తేలకపోతే ఏమీ తేలలేదని చెప్పాలి. దానికయ్యే ఖర్చు ప్రాజెక్టు బడ్జెట్లోనే ఉండాలి, ఎవరి దయ మీదా ఆధారపడకూడదు. పేర్లు తీసేసిన లెక్కలన్నీ ఒకచోట చేరాలి. పలాసలో అంత పెద్ద కేంద్రం ఉంది, అది ఆ చోటు కావచ్చు. ఆ కేంద్రంలో ఏం పరిశోధించాలో నిర్ణయించే బల్ల దగ్గర డయాలసిస్ చేయించుకునేవాళ్ళు ఇద్దరైనా కూర్చోవాలి. చిచిగల్పాలో కూర్చున్నారు కదా. 2023లో పార్లమెంటు జాతీయ పరిశోధన ఫౌండేషన్ చట్టం చేసింది. అయిదేళ్ళకి 50,000 కోట్లు సమకూర్చాలని లక్ష్యం. ఆ డబ్బుతో నడిచే ప్రతి పథకానికీ షరతులు రాసుకోవాలి. రాసేశాక అడిగితే లాభం లేదు, రాసేటప్పుడే అడగాలి.

ఇంకొక్క మాట చెప్పి కూర్చుంటాను, ఇచ్ఛాపురం బస్సు ఎనిమిదింటికి ఉందని గుర్తుచేస్తున్నారు. గుమ్మం పక్కన బల్ల మీద తెల్ల కాగితాలు, పెన్నులు పెట్టించాను. ఒక్కో కాగితం మీద ఒక్కో ప్రశ్న. మీ ఒంటి గురించి, మీ నీళ్ళ గురించి, మీ చేతుల గురించి, శాస్త్రవేత్తలు దేనికి జవాబు వెతకాలో మీ మాటల్లోనే రాయండి. రాయడం రానివాళ్ళు చెప్తే మా డిగ్రీ పిల్లలు రాస్తారు, మీరు చెప్పింది చెప్పినట్టే, మార్చకుండా రాయమని చెప్పాను. వచ్చే ఆదివారం కవిటిలో, ఆ పై ఆదివారం సీతంపేటలో ఇలాగే కూర్చుంటాం. అన్నీ కలిపి కట్ట కట్టి కలెక్టరు గారికి, పలాస కేంద్రానికి, ఢిల్లీకి పంపుతాం. ఒక ప్రతి మా దగ్గర ఉంటుంది, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

మొదటి కాగితం మీద మా అమ్మ ప్రశ్న రాసి పెట్టాను. రెండోది ఎవరు రాస్తారో రండి.